పడవ గెల పెట్టని బుల్లిరాజు

1991 మాఘమాసంలో బుల్లిరాజు ఇసుక మేట తీసిన తన చేలో మొదటి అరటి గెల దించాడు. ఎనభైయ్యారు వరదలో ఆ రెండెకరాల మీద గోదావరి నడుం లోతు ఇసుక పోసి పోయింది. మా గోగులంకలో అలా మేట పడ్డ చేలు ఇంకా ఉండేవి. మిగతావాళ్ళు వాటి మీద ఆశ వదులుకుని గట్టు మీద ఊళ్ళకి కూలికి పోయారు. బుల్లిరాజు మాత్రం మూడేళ్ళ పాటు తట్టతో, కావిడితో ఆ ఇసుకంతా మోసి ఏటి ఒడ్డున పోశాడు. కింద నల్లమట్టి కనిపించిన రోజున చేతులు కడుక్కోకుండానే మా ఇంటికి వచ్చి, గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టి, "బాబాయిగారూ, చేను దొరికిందండి" అన్నాడు. తప్పిపోయిన గేదె దొరికినట్టు చెప్పాడు.

నేను ఈ ఊరికి రెండుసార్లు ప్రెసిడెంటుగా చేసినవాణ్ణి. చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి. ఆ చదువుతోనే కరెంటు స్తంభాలు ఏరు దాటించాను. బడికి మూడో గది కట్టించాను. మంచినీళ్ళ ట్యాంకు తెచ్చాను. రేవు నుంచి రామాలయం దాకా సిమెంటు రోడ్డు వేయించాను. శంకుస్థాపన రాళ్ళ మీద నా పేరు ఇంకా చెరగలేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. బుల్లిరాజు పేరు ఏ రాయి మీదా లేదు. అయినా నాతో ఎనిమిదేళ్ళు ఒకే మాట మీద వాదించి ఇంకా ఓడనివాడు ఈ ఊళ్ళో అతనొక్కడే. ఎన్నికల్లో నా మీద నిలబడ్డవాళ్ళు కూడా అంతకాలం ఆగలేదు. అందుకని అతని సంగతి రాసిపెడుతున్నాను.

మాది లంక, చుట్టూ గోదావరి. నరసాపురం బస్సు ఎక్కాలన్నా, డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, పెళ్ళిబట్టలు కొనాలన్నా ముందు పడవ ఎక్కాలి. వేసవిలో మాత్రం పడమటి పాయ సన్నబడి, పంచె ఎగ్గట్టుకుని నడిచి దాటేటంత అవుతుంది. అప్పుడు పడవకి సెలవు. పైన వానలు పడి ఎర్రనీరు దిగిందంటే మళ్ళీ పడవే గతి. ఆ పడవకి మా తాతల నాటి నుంచీ టిక్కెట్టు లేదు. అరటితోట ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ తొలి కోతలో ఒక గెల తెచ్చి రేవులో పెడతారు. దాన్ని పడవ గెల అంటాం. ఆ గెలలు అమ్మి పడవకి తారు, మేకులు కొంటారు, పడవవాడికి తిండిగింజలు ఇస్తారు. తోట లేనివాడు ఏమీ పెట్టకుండానే ఎక్కుతాడు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళూ ఊరికే ఎక్కుతారు. చుట్టాల దగ్గర తీసుకోవడం మా ఊరికి నామోషీ.

ఏ గెల పెట్టాలన్నది ఎవరి ఇష్టం వారిది. అందువల్ల కొందరు ఎలక కొరికినవీ, గాలికి పడ్డవీ తెచ్చి పెట్టేవారు. బుల్లిరాజు భార్య చిట్టెమ్మ మాత్రం తోటంతా తిరిగి, అన్నిటికన్నా నిండైన గెలని ముందే చూసుకుని, దాని కాడకి పసుపు రాసి ఉంచేది.

"ఇంత మంచిదెందుకండమ్మా, పడవేమన్నా తింటుందా?" అని పడవవాడు యెహెజ్కేలు వేళాకోళమాడితే, "తిననీ. ఊరంతటినీ మోసేదానికి ఆకలెయ్యదా?" అనేది.

వాళ్ళకి పిల్లలు లేరు. తొంభైమూడులో చిట్టెమ్మ జ్వరం వచ్చి పోయింది. ఆ తర్వాత గెలకి పసుపు రాసే పని బుల్లిరాజుది అయింది. రాసేటప్పుడు ఎవరైనా అటు వస్తే చెయ్యి వెనక్కి పెట్టుకునేవాడు.

తొంభైయ్యారు నవంబరు తుపానుకి మా పడవ ముక్కలైపోయింది. అరటిచెట్టు ఒక్కటీ నిలబడలేదు. మళ్ళీ తోటలు లేచేదాకా పక్క లంకవాళ్ళని బతిమాలి వాళ్ళ పాత పడవ తెచ్చుకున్నాం. అది కారేది. ఒకసారి నెలలు నిండిన మనిషిని ఆసుపత్రికి తీసుకువెళుతుంటే నడి ఏట్లో నీళ్ళు పట్టింది. తోటి ఆడవాళ్ళు కారియర్ గిన్నెలతో నీళ్ళు తోడుకుంటూ అవతలి ఒడ్డుకి చేరారు. ఇవతలి ఒడ్డున నిలబడి, చెయ్యగలిగింది ఏమీ లేక చూసినవాణ్ణి నేను. కొత్త పడవ చేయించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

తొంభైయెనిమిదిలో తోటలు మళ్ళీ గెలలు వేశాయి. ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే ఎలక కొరికిన గెలలే వస్తాయని నాకు తెలుసు. వాటితో పడవ కాదు సరికదా, పడవకి తాడు కూడా రాదు. అందుకని ఎకరానికి మూడు గెలలు, మంచివి, పెట్టి తీరాలనీ, పెట్టనివాడు పడవ ఎక్కకూడదనీ పంచాయతీలో తీర్మానం చేయించి టముకు వేయించాను.

రేవులో టముకు మోగుతున్న వేళకే బుల్లిరాజు బండి మీద గెలలు వేసుకుని వస్తున్నాడు. పది గెలలు. అన్నిటి కాడలకీ పసుపు ఉంది. కొత్త పడవ చేయిస్తున్నారని విని, ఎవరూ అడగకుండానే తెస్తున్నాడు. "పెట్టనివాడు పడవ ఎక్కరాదహో" అన్న మాట చెవిన పడగానే ఎద్దుల్ని ఆపేశాడు. రెండోసారి కూడా పూర్తిగా విని నా వైపు తిరిగాడు.

"ఇది నాక్కూడానాండి?"

"అందరికీనయ్యా. నాక్కూడా."

"అయితే ఇవేంటండి?" అని బండి చూపించాడు.

"పడవ గెలలే కదా, దించు. నీ రెండెకరాలకీ ఆరు చాలు. మిగతావి నీ ఇష్టం."

"అంటే ఈ నాలుగూ నా ఇష్టం, ఆ ఆరూ మీ ఇష్టమన్నమాట," అని బండి వెనక్కి తిప్పాడు. రేవులో ఉన్న నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు.

మర్నాడు నేనే వాళ్ళింటికి వెళ్ళాను. పది గెలలూ పంచలో అలాగే ఉన్నాయి.

"ఏరా, పెద్దవాణ్ణి వస్తే కూర్చోమనవా?"

"బాబాయిగారుగా వస్తే మంచం వాలుస్తానండి. ప్రెసిడెంటుగారుగా వస్తే నిలబడే మాట్లాడుకుందాం."

"బాబాయినే. వాల్చు."

మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా గడప మీద కూర్చున్నాడు.

"స్వతంత్రం వచ్చి యాభై ఏళ్ళయిందని మొన్న ఆగస్టులో జెండా కింద మీరే చెప్పారు కదండీ. నా తోటలో గెల నాదా, ఊరిదా?"

"నీదే."

"నాదైతే ఇవ్వడమూ మానడమూ నా చేతిలో ఉండాలి కదండీ. ఇవ్వకపోతే ఏం చేస్తారో ముందే చాటింపు వేసి అడిగితే, అది అడగడమెలా అవుతుంది?"

"మరి సర్కారుకి శిస్తు కట్టడం లేదా? నీటి తీరువా కట్టడం లేదా? అక్కడ నీ ఇష్టం ఎవరు కనుక్కున్నారు?"

"ఎవరూ కనుక్కోలేదండి. మేట పడ్డప్పుడు ఆ సర్కారే వచ్చి, చేను కొలుచుకుని, రాసుకుని వెళ్ళింది. తట్ట పట్టినవాడు ఒక్కడు లేడు. అది దూరపుదిలే అని సరిపెట్టుకున్నాను. ఊరు కూడా సర్కారైపోతే ఇంక ఊరెక్కడుందండి?"

నేనూ తక్కువ తినలేదు. "నువ్వు పది తెచ్చావు. ఊరంతా నువ్వు కాదు. నలుగురు పెట్టిన గెలల మీద నలభై మంది దాటుతూ ఉంటే ఆ నలుగురికీ అన్యాయం కాదా? నిండు నెలల మనిషి నడి ఏట్లో ఉంటే, ఒడ్డున కూర్చుని ఎవడి ఇష్టం ఎంతో లెక్క చూడమంటావా? నీ స్వతంత్రం ఒడ్డున పనికొస్తుందిరా. పడవలో కూర్చున్నవాడికి కావలసింది కారని పడవ."

అతను గడప మీంచి లేచి, ఎండ పడుతున్న ఒక గెలని నీడకి జరిపాడు.

"మీరన్నది నిజమేనండి," అన్నాడు. "పడవ కావాలి. గట్టిగా పట్టకపోతే రాదేమో కూడా. కానీ చిట్టెమ్మ పసుపు రాసి పెట్టినదాన్ని మీరు శిస్తులో జమ వేసుకుంటే, ఇంక నేను ఇచ్చిందేముందండి? మీరు తీసుకున్నట్టే కదా. నా దగ్గర తీసుకోకండి. నేను పడవ ఎక్కను. మీ తీర్మానం మీరు నిలబెట్టుకున్నట్టూ ఉంటుంది."

పంతానికి వారం ఉంటాడనుకున్నాను. వానాకాలం వచ్చింది, వెళ్ళింది. రెండో ఏడాది కూడా అలాగే వెళ్ళింది.

కొత్త పడవ బ్రహ్మాండంగా కుదిరింది. నేను చేసిన పనులన్నిటిలోకీ అదే గొప్పదని ఇప్పటికీ అంటాను. అది ఏట్లో దిగిన నాటి నుంచీ ఒక్క మనిషికి హాని జరగలేదు. ఊళ్ళో తోట ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ గెలలు పెట్టారు, ఒక్క ఇల్లు తప్ప. ఆ ఒక్క ఇంటి మనిషి ఎక్కలేదు కనక తీర్మానానికి లోటు రాలేదు. కాగితం మీద చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

అయితే మా ఊరి సంగతి బయటివాళ్ళకి తెలియదు. మాకు ఊరంతా ఒకచోట కూర్చునేది పడవలోనే. ఎవరింట్లో పెళ్ళి కుదిరిందీ, ఎవరి గేదె ఈనిందీ, పేపర్లో ఏం రాశారూ అన్నీ అక్కడే, ఒడ్డుకీ ఒడ్డుకీ మధ్య. అలిగినవాళ్ళు కూడా ఎదురుబొదురుగా కూర్చోక తప్పదు కాబట్టి పడవ దిగేసరికి మాటలు కలుపుకుంటారు. బుల్లిరాజుని ఎవరూ వెలివేయలేదు. ఎదురుపడితే పలకరించేవారు. కానీ పడవలో ఒకసారి చెప్పుకున్న మాటని గట్టెక్కాక మళ్ళీ ఒక్కడి కోసం చెప్పే ఓపిక ఎవరికుంటుంది? మొదట్లో సాయంత్రాలు రేవు మెట్ల మీద కూర్చుని, దిగినవాళ్ళని "ఏంటండి విశేషాలు?" అని అడిగేవాడు. "ఏమున్నాయండి, మామూలే," అంటూ ఎవరి సంచీ వారు పట్టుకుని వెళ్ళిపోయేవారు. తర్వాత తర్వాత రేవుకి రావడం మానేశాడు. అరటికాయ తోటలోనే బేరం పెట్టి అమ్మేసేవాడు. కొన్నవాడు తన సరుకుగా దాటించుకునేవాడు.

"సొంతానికో దోనె కొనుక్కోరాదట్రా?" అని ఒకసారి అన్నాను.

"కొంటే ఎక్కడ కట్టాలండి? రేవు ఊరిది కదా," అన్నాడు.

"మరి రోడ్డూ ఊరిదే. దాని మీద నడుస్తున్నావుగా?"

"రోడ్డప్పుడు మీరు ఇంటికొచ్చి రమ్మన్నారండి. నేనూ మట్టి మోశాను."

లేచి వచ్చేశాను. మళ్ళీ నాలుగు రోజులకి ఇంకో మాట తోచి వెళ్ళాను. పదవి దిగాక మా అరుగు మీదకి వచ్చేవాళ్ళు తగ్గారు. నాకూ పొద్దు గడవాలి కదా. వాళ్ళ పంచలో మంచం ఎప్పుడూ వాల్చే ఉండేది.

వేసవిలో పాయ సన్నబడగానే బుల్లిరాజు తలమీద గెల పెట్టుకుని, ఏరు నడిచి దాటి, నరసాపురంలో చెల్లెలు సూర్యకళ ఇంటికి వెళ్ళేవాడు. అతనికి తోడబుట్టింది ఆమె ఒక్కతే. భర్త పోయాడు, లేసు అల్లుకుని బతుకుతోంది. ఎర్రనీరు వస్తోందని తెలియగానే అక్కడి నుంచి బయలుదేరి వచ్చేసేవాడు. ఇక మళ్ళీ వేసవి దాకా అన్న ముఖం చెల్లెలికి లేదు. మొదట్లో తనే పడవ మీద వచ్చి చూసిపోయేది. మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాక మానేసింది. "మా అన్నయ్య మామిడిపండండి. వేసవిలోనే దొరుకుతాడు," అని ఇరుగుపొరుగు వాళ్ళతో నవ్వుతూ చెప్పుకునేదట.

ఈ ఏడు జూలైలో, ఏరు నిండుగా ఎర్రగా పారుతున్న రోజుల్లో కబురొచ్చింది. సూర్యకళ నూతి చప్టా మీద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో పడుకోబెట్టారు, చూసేవాళ్ళు లేరు. యెహెజ్కేలు పడవ కట్టేసి తోటకి పరుగెత్తి చెప్పాడు. బుల్లిరాజు రెండు పంచెలు మూటగట్టుకుని రేవుకి వచ్చాడు. అవతలికి వెళ్ళే జనం అప్పటికే పడవలో కూర్చున్నారు. నేను మెట్ల మీద ఉన్నాను. పడవ దాకా వచ్చి అతను ఆగిపోయాడు.

"ఎక్కరా," అన్నాను.

"ఎలా ఎక్కనండి?"

"కాళ్ళతో."

"గెల పెట్టలేదు కదండీ."

"ఇప్పుడెవరడిగారయ్యా నిన్ను? చుట్టాలు ఊరికే ఎక్కడం లేదూ? చుట్టం కింద ఎక్కు."

ముఖం మాడిపోయింది. "పుట్టిన ఊళ్ళో చుట్టాన్నాండి?" అని మూట పక్కన పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు.

"పోనీ, ఇప్పుడే ప్రెసిడెంటు వీరవేణితో చెప్పి ఆ తీర్మానం ఎత్తేయిస్తాను. సాయంత్రానికి టముకు వేయిస్తాను, సరేనా?"

"వద్దండి. నా ఒక్కడి కోసం ఊరి కట్టుబాటు ఎత్తేస్తే, అప్పుడు నేనే ఊరి మీద పన్ను వేసినట్టండి. రేపు పడవ కారితే ఆ పాపం నాది."

"అయితే ఆరు గెలలు కోసుకొచ్చి పెట్టి ఎక్కు."

"పెడితే రేపు పొద్దున్నే ఇంటింటికీ వెళ్ళి చెప్పుకోరాండి మీరు?"

"చెప్పుకోనా మరి? ఎనిమిదేళ్ళు వాదించానాయె!"

పడవలో జనం ఘొల్లుమన్నారు. అతనికీ నవ్వొచ్చింది, కానీ కళ్ళు అవతలి ఒడ్డు మీదే ఉన్నాయి. ఆ కళ్ళు చూస్తే వాదన మానేసి, మూటతో సహా ఎత్తి పడవలో పడేద్దామా అనిపించింది. అదీ బలవంతమే అంటాడు.

యెహెజ్కేలు నీటి వంక చూసి తల పట్టుకున్నాడు. "రెండో గెడ పట్టే మా తమ్ముడికి జ్వరమండి. ఈ వడికి ఒక్క గెడతో నేను దాటించలేనండి. ఇంకో మనిషి దొరికితేనే వెళ్ళేది. లేకపోతే అందరూ దిగిపోండి."

ఎవరూ కదల్లేదు. మా రైతుల ఇళ్ళల్లో గెడ పట్టడం లేదు. నాగలి పడతాం, పార పడతాం, ఇసుక తట్ట మోస్తాం. పడవ తోసే గెడ మాత్రం పడవవాళ్ళది. అలా అని ఎవరూ తీర్మానం చెయ్యలేదు, టముకు వెయ్యలేదు. అయినా ఏ తీర్మానాన్నీ అంత గట్టిగా పాటించినవాళ్ళం కాదు మేము.

బుల్లిరాజు లేచాడు. "యెహెజ్కేలూ, గెడ పట్టేవాడు గెల పెడతాడా?"

"నేనెప్పుడన్నా పెట్టానాండి? నాకు తోటేదండి?"

"అయితే ఆ రెండో గెడ ఇలా తే."

"మీరాండి? చేతులు బొబ్బలెక్కిపోతాయండి బాబూ!"

"ఇసుక మోసిన చేతులే. తే."

పడవలో ఉన్న కిరాణా కొట్టు బుజ్జిబాబు ఊరుకోలేదు. "బుల్లిరాజుగారూ, రేపట్నుంచి మిమ్మల్ని ఏమని పిలవాలండి మేము?"

"అవతలి ఒడ్డుకి చేరాక చెప్తాను. ముందు నువ్వు కాస్త ఇటు జరుగు, పడవ నీ వైపే వాలుతోంది."

మొదటి తోపుకే పడవ గిర్రున తిరిగింది. ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. "అటు కాదండి బాబూ, ఇటు, ఇటు!" అని యెహెజ్కేలు అరిచాడు. ఒక రైతు మీద అతను గొంతెత్తడం నేను వినడం అదే మొదలు. "ఆయ్, ఆయ్," అంటూ బుల్లిరాజు సర్దుకున్నాడు. గెడ అందినంత మేరా గెడ వేశాడు. నడి ఏట్లో తెడ్డు అందుకున్నాడు. ఒడ్డు మీది నుంచి నాకు మాటలు వినిపించలేదు. బుజ్జిబాబు చేతులు తిప్పుతూ ఏదో చెబుతున్నాడు, బుల్లిరాజు తెడ్డు వేస్తూనే తలాడిస్తున్నాడు. ఊళ్ళో విశేషాలే అయి ఉంటాయి. అన్నీ అతనికి కొత్తవే కదా. అవతల గెడ అప్పగించి, మూట చంకన పెట్టుకుని, గట్టెక్కి బస్సు రోడ్డు వైపు వెళ్ళిపోయాడు.

శ్రమ కూడా పన్నేరా, ఇన్నాళ్ళకి కట్టావు, అని అరుద్దామనుకున్నాను. అంత దూరం మాట అందదు. ఊరంతా గెడ పడతామని వస్తే పడవలో కూర్చునేదెవరు అన్నది ఇంకో ప్రశ్న. దానికీ అతను ఏదో ఒకటి అంటాడు. ఆ ఏదో ఒకటి ఏమిటా అని ఈ మూడు నెలలూ ఆ పంచలో వాల్చిన మంచం మీద కూర్చుని, అతని మాటా నా మాటా నేనే చెప్పుకుంటున్నాను. డెబ్బై ఆరేళ్ళవాడు ఒంటరిగా మాట్లాడుకుంటూ ఉంటే దారిన పోయేవాళ్ళు వింతగా చూస్తున్నారు. చూడనీ.

అతను వెళ్ళాక ఆగస్టులో పెద్ద వరద వచ్చింది. ఊరంతా గట్టుమీద బళ్ళో తలదాచుకున్నాం. నేను చేయించిన పడవే అందరినీ చేర్చింది. నీరు తీశాక చూస్తే అతని చేలో తూర్పు మూల మళ్ళీ ఇసుక మేట. బుజ్జిబాబు కొట్లో ఫోను నుంచి నేనే చెప్పాను.

"ఎంత లోతండి?"

"మోకాలి దాకా."

"పోయినసారి మీద చిన్నదేనండి," అన్నాడు.

"ఇంటికొకణ్ణి రమ్మననా?"

"టముకు వేస్తారాండి?"

"వెయ్యను. రేవులో ఒక మాట చెబుతాను. ఎవరి ఇష్టం వారిది."

"అయితే ఎంతమంది వస్తారో చూసి చెప్పండి."

చెప్పాను రేవులో. మర్నాడు తట్ట పట్టుకుని నేను వెళ్ళాను. యెహెజ్కేలు వచ్చాడు. ఎండెక్కాక వీరవేణి తన పాలేరుని పంపింది. అంతే. తర్వాత ఫోనులో బుల్లిరాజు అడిగాడు, ఎంతమంది వచ్చారని. చెబితే వాదన నేను గెలిచినట్టే. "వస్తున్నారులే, నువ్వు ముందు చెల్లెల్ని చూసుకో," అన్నాను.

సూర్యకళ ఇప్పుడు కర్ర పట్టుకుని వీధి గుమ్మం దాకా నడుస్తోందట. ఆమెని రమ్మంటే రానంది. లేసు పని అక్కడే ఉంది. అతనొక్కడే వస్తాడు. యెహెజ్కేలు రెండో గెడకి కొత్త వెదురు తెచ్చి నునుపు చేసి ఉంచాడు. తమ్ముడికి జ్వరం తగ్గి చాలా రోజులైంది, అయినా దాన్ని ముట్టుకోనివ్వడం లేదు. పిలకలు నాటే అదను దాటిపోకుండా వచ్చేస్తానని మొన్న ఫోను చేశాడు. రేపు తొలి పడవకి అవతలి రేవులో ఉంటానన్నాడు. ఇది రాస్తున్నది కార్తీక పౌర్ణమి, ఆదివారం, 2006 నవంబరు 5న.